బీరువాలో పిడుగు

పగలంతా తపాలా ఆఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టే ఈ మనిషి ఇంటికి రాగానే పిడుగైపోతాడు. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. ముద్రలు కొట్టీ కొట్టీ చేతికి తాళం అలవాటై, టీ తాగుతూ కూడా గ్లాసు మీద దరువేస్తాడు. ప్రభుత్వాన్ని దులిపేసే పదకొండు ర్యాప్ పాటలతో తొలి ఆల్బమ్ సొంతంగా తయారుచేస్తున్నాడు. స్టూడియో అంటే అత్తగారి చెక్క బీరువా. వేలాడే బట్టల మధ్య ముడుచుకు కూర్చుంటే గొంతు ప్రతిధ్వనించదట.

ఆ ఆదివారం “అధికారం తలుపులు బద్దలు కొడతా” అని లోపల గర్జిస్తుండగా, ఆ అదురుకి బయట గడియ పడిపోయింది. గర్జన ఆగింది. “అత్తయ్యా, కొంచెం తలుపు తీస్తారా?” “బద్దలు కొడతానన్నారుగా అల్లుడుగారూ?” “అయ్యో, గీతలు పడతాయండీ.” ఆవిడ గడియ మీద చెయ్యి వేసింది గానీ తీయలేదు. “తొమ్మిది రోజులుగా కుళాయిలో చుక్క లేదు. ఆ వార్డు మెంబరు ఇంట్లో మాత్రం కుక్కకి రోజూ స్నానం! ఇన్ని పాటల్లో ఆ ముక్క ఒక్కటైనా ఉందా?” అని మొదలుపెట్టి, ఊపిరి తిప్పుకోకుండా మెంబరునీ, వాడి కుక్కనీ, వాడికి ఓటేసిన తననీ కలిపి ఉతికి ఆరేసింది. లోపల ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. పిడుగు చేతులు వాటంతట అవే దరువందుకున్నాయి.

ఆల్బమ్ మొత్తంలో జనం నోళ్ళలో నానింది ఆ ఒక్కటే. ఇప్పుడు రెండో ఆల్బమ్ నడుస్తోంది. బీరువాలో ఆవిడ కూర్చుంటోంది. గడియ పడకుండా పిడుగు బయట కాపలా కాస్తున్నాడు.