నర్గీస్ గీసిన వంగతోట

నర్గీస్ ఏ పొలానికి వెళ్ళినా గట్టు మీదే చెప్పులు విడుస్తుంది. విశాఖ వన్‌టౌన్‌లో అత్తరు కొట్టువాళ్ళ ఇంట పుట్టిన మనిషి, పదహారేళ్లుగా వ్యవసాయ పరిశోధనవాళ్ళ కోసం మట్టి తీస్తోంది. పెదవులు కదుపుతూ ఉర్దూలో పది అడుగులు లెక్కపెట్టి ఆగుతుంది. ఇనుప గొట్టం దించి, పిడికెడు మట్టి సంచిలో వేసి నంబరు రాస్తుంది. ల్యాబులో ఆ మట్టిలోని, మొక్కల వేర్లను పట్టే కంటికి ఆనని నులిపురుగులను లెక్కించి, గళ్ళ కాగితం మీద పొలం గీసి రంగులు నింపుతుంది.

మొన్న వేసవిలో దువ్వాడ అవతల జోగమ్మ వంగతోటలో మొక్కలు వాడసాగాయి. పీకి చూస్తే వేర్లనిండా బుడిపెలు. నేలంతా నులిపురుగు పట్టి చెడిందని ఇరుగుపొరుగువాళ్ళు తేల్చేశారు.

"మొత్తం పీకించేత్తాను తల్లీ. కంటికే అవుపడని పురుగుతో నానేటి కొట్లాడతాను?" అంది జోగమ్మ, మట్టి తీయడానికి వచ్చిన నర్గీస్‌తో.

"వారం ఆగు పెద్దమ్మా," అని బతిమాలి, నర్గీస్ నలభై ఎనిమిది చోట్ల మట్టి తీసుకెళ్ళింది. వారానికి పటం తెచ్చి ఆవిడ ముందు పరిచింది. కాగితమంతా ఆకుపచ్చ, కాలువ వైపు మూల మాత్రం ఎరుపు.

"పురుగు ఈ మూలే ఉంది. ఇక్కడ వంగ మానేసి బంతి మొక్కలు ఎయ్యి, వాటి వేర్లకి ఈ పురుగు చస్తుంది. మిగతా నేల బాగుంది."

"బయట కొన్న నారు ఏసింది ఆ మూలే!" అంది జోగమ్మ. తర్వాత ఆకుపచ్చ గళ్ళ మీద అరచెయ్యి ఆనించి, దూడను నిమిరినట్టు నిమిరింది. "ఇదంతా బతికే ఉందేటి?"

పదహారేళ్లలో తన పటాన్ని అలా తాకినవాళ్ళు లేరు. ఇంకొకటి గీసుకోవచ్చులే అనుకుని, ఆఫీసులో ఇవ్వాల్సిన ఆ కాగితాన్ని నర్గీస్ ఆవిడకే వదిలేసింది.