ఒక సహోదరి అని నేను రాసిన మనవి

నవంబరు నెల, రెండవ శుక్రవారం. మధ్యాహ్నం మూడున్నరకు మందిరం వసారాలో స్త్రీల కూటమి. హాజరైనవారు: రాహేలమ్మ, మార్తమ్మ, సుగుణమ్మ, కార్యదర్శి కరుణమ్మ అనే నేను. రానివారు: పాస్టరమ్మ గారు, కావలిలో కూతురి పురుడుకు వెళ్ళినందున.

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఆ రోజు కూటమి పుస్తకంలో నేను రాసిన మొదటి వరుసలు ఇవి. జువ్వలదిన్నెకు దగ్గరలో సముద్రం గాలి తగిలే చిన్న ఊరు మాది. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, పెళ్ళయిన ఏడాది నుంచి ఒక్కరోజు మానకుండా డైరీ రాసుకునేదాన్ని, అందువల్ల ఏ సంగతైనా వరుసగా చెప్పుకుంటే తప్ప నాకు తోచదు. మీరు కంగారుపడకుండా ఒక మాట ముందే చెప్పేస్తాను: నా ఎడమ రొమ్ములో ఉన్న గడ్డను డాక్టర్లు తీసేశారు, చికిత్స పూర్తయింది, ఇప్పుడు బాగున్నాను, దేవునికే మహిమ. అయితే నేను ముఖ్యంగా చెప్పదలచిన విడుదల ఆ ఆపరేషను కంటే ముందు జరిగింది.

మా కూటమిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి శుక్రవారం ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెబుతారు, కార్యదర్శి దాన్ని పుస్తకంలో రాసి, అందరూ మోకరించక ముందు పైకి చదువుతుంది. నలుగురిలో చెప్పుకోలేని మనవి అయితే ముందురోజే కార్యదర్శి ఇంటికి వచ్చి చెవిలో చెబుతారు, అప్పుడు పేరు రాయకుండా 'ఒక సహోదరి' అని రాయాలి, ఆ సహోదరి ఎవరో కార్యదర్శి ఎవరికీ చెప్పకూడదు. పదకొండేళ్ళుగా ఆ బాధ్యత నాది. ఎన్నో కన్నీళ్ళు మా ఇంటి వసారాలోనే ఆగిపోయాయి.

మేం నలుగురం అరవై దాటినవాళ్ళం. పెద్దది రాహేలమ్మక్క, బుట్ట నెత్తిన పెట్టుకుని ఎండుచేపలు అమ్మి బిడ్డల్ని పెంచిన మనిషి, ఇప్పుడు చూపు మందగించింది, ఆమె షుగరు మాత్రలు పొద్దుటివి వేరు, రాత్రివి వేరు చేసి వారానికొకసారి నేను డబ్బాలో సర్దిపెడతాను. మార్తమ్మ మిషను కుడుతుంది, ఆమె భర్త తాగి ఇంట్లోంచి గెంటితే రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది, మూడోరోజు నేనూ రాహేలమ్మక్కా వెళ్ళి ఆయనను కూర్చోబెట్టి మాట్లాడి ఆమెను దించి వచ్చాం. సుగుణమ్మ ఒంటరిది, ఆమెకు కంట్లో చుక్కలు వేసే వంతు మా ముగ్గురిదీ. ఇలా ఒకరికొకరం ఆసరాగా ఉన్నామని నేను చెప్పుకునేదాన్ని, కానీ నా డైరీలు తిరగేసి చూస్తే నేను ఆసరా ఇచ్చిన రోజులే ఉన్నాయి తప్ప అడిగిన రోజు ఒక్కటీ లేదు. అది నా మంచితనం అనుకున్నాను. అందులో గర్వం ఎంత ఉందో దేవుడు నాకు చూపించాల్సి వచ్చింది.

జూలై మొదటి వారంలో స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. 'ఎడమవైపు, గోలీకాయంత, నొప్పి లేదు' అని ఆ రోజు డైరీలో రాశాను. ఆగస్టు చివర 'ఉసిరికాయంత' అని రాశాను. రాసుకోవడం నాకు వచ్చినంతగా చెప్పుకోవడం రాలేదు.

మావారు ప్రకాశం గారు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన చెల్లెలు ఇదే జబ్బుతో పోయింది. మద్రాసుకు తిప్పి తిప్పి, చివరికి ఆయన చేతుల్లోనే ఆ పిల్ల ప్రాణం పోయింది. అప్పటినుంచి ఆయన ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు, మాట కూడా తగ్గిపోయింది. పొద్దున్నే హార్బర్ దాకా నడిచి పడవలు చూసి వస్తారు, సాయంత్రం టీవీలో వార్తలు పెద్ద సౌండుతో పెట్టుకుంటారు, అన్నం వడ్డించమంటే వడ్డించడం, మాత్ర వేసుకున్నారా అని నేనడిగితే ఊ అనడం, ఇదీ మా ఇంట్లో మాట. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి అలికిడి ఒకరం వింటూ ఇద్దరం ఒంటరిగా బతుకుతున్నాం. అలాంటి మనిషికి ఈ కబురు ఏ నోటితో చెప్పేది? ఊరందరి కష్టాలు రాసే నేను నా కష్టం ఏ ముఖం పెట్టుకుని చెప్పుకునేది?

అందుకని సహోదరులారా, నేనొక తప్పు చేశాను. సెప్టెంబరులో మొదటి శుక్రవారం మనవుల పుస్తకంలో 'ఒక సహోదరి, రొమ్ములో గడ్డ, స్వస్థత కొరకు' అని నా చేత్తోనే రాసి, నా గొంతుతోనే, ఎవరిదో అన్నట్టు పైకి చదివాను.

వాళ్ళు ప్రార్థన చేశారు. మార్తమ్మ ఏడుస్తూ చేసిన ప్రార్థన నాకిప్పటికీ చెవుల్లో ఉంది: "ప్రభువా, ఆ బిడ్డెవురో మాకు తెలవదు, నీకు తెలుసు, ఆమె ఒంటిమీద నీ చెయ్యి పెట్టు తండ్రీ, ఆమెకి బయం లేకుండా చెయ్యి." ఆ బిడ్డను నేనే. ఆమె పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాను. ఆమె చేతిలో మాత్రం సుగుణమ్మ చెయ్యి ఉంది.

ఎందుకంటే, ఆ సహోదరి సుగుణమ్మే అని వాళ్ళు అప్పుడే తీర్మానించుకున్నారు. ఆమె ఆ నెలలో బాగా చిక్కిపోయింది. పుచ్చిన పళ్ళన్నీ పీకించుకుని, కట్టుడు పళ్ళు వచ్చేదాకా గంజి తాగుతూ చిక్కింది, ఆ మాట ఆమె చెప్పినా ఎవరూ నమ్మలేదు.

"నాకు పళ్ళు లేవు గానీ గడ్డ లేదమ్మే" అంటే, "సరేలే, ఎవురడిగినారు నిన్ను, నువ్వు తిను" అనేది మార్తమ్మ.

రాహేలమ్మక్క నన్ను పక్కకు పిలిచి, "టీచరమ్మా, పేరు చెప్పబాకులే, మేం అనుకుండేది సరేనా కాదా, ఊ అను చాలు" అంది. పేరు చెప్పకూడదు గదక్కా అన్నాను. అక్క దాన్ని ఊ అనే లెక్క వేసుకుంది. నేను కాదనలేదు.

ఇక సుగుణమ్మ ఇంటికి వరస కట్టారు. ఒకరు బట్టలుతకడం, ఒకరు నీళ్ళు పట్టడం. రాహేలమ్మక్క హార్బర్‌లో తెలిసినవాళ్ళ దగ్గర సొరచేప తెప్పించి, బాలింతలకు చేసినట్టు వెల్లుల్లి వేసి పిట్టు చేసింది. అక్కకు అంత దూరం నడక కష్టం కాబట్టి ఆ డబ్బా సుగుణమ్మకు చేర్చే పని నాకు అప్పగించింది. వేడి డబ్బాను కుడివైపు పట్టుకుని, ఎడమవైపు తగలకుండా, ఉప్పుగాలిలో ఆ వీధి చివరిదాకా నడిచాను. ఆ వాసనకు నాకు ఆకలి వేసింది. నా జబ్బుకు వండిన తిండిని నేనే మోసుకెళ్ళి జబ్బులేని మనిషికి పెట్టి వచ్చాను. ఆ రోజు డైరీలో నేను రాసింది ఒకటే వాక్యం: 'సాయంత్రం ఐదుకు సుగుణమ్మకు పిట్టు ఇచ్చాను, బాగుందన్నది.' తర్వాత చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను గానీ ఇంకొక్క మాట రాలేదు. పక్కగదిలో వార్తలు వినపడుతున్నాయి. భూమ్మీద నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ లేరనిపించింది.

అప్పుడు కూడా దేవుడు నా వెంట ఉన్నాడని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. గడ్డ పెరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఇంకా ఆగితే ఏమవుతుందో మావారి చెల్లెలి విషయంలో కళ్ళారా చూసినదాన్ని. అయినా నోరు పెగల్లేదు.

అలా ఆ నవంబరు శుక్రవారం వచ్చింది. మనవులు చదవబోతుంటే మార్తమ్మ అడ్డుపడి, "పుస్తకం పక్కన పెట్టక్కా. రేపు సుగుణమ్మని నెల్లూరు ఆసుపత్రికి తీసుకపోతుండాం. మా అల్లుడు డాక్టరమ్మ దగ్గర పేరు రాయించినాడు" అంది.

సుగుణమ్మ కొత్త పళ్ళు పెట్టుకుని వచ్చింది ఆ రోజు. ఆమె లేచి నిలబడి, మేమంతా ఆడవాళ్ళమే కాబట్టి పమిట తీసి, జాకెట్టు హుక్కులు విప్పింది. "రెండు నెలలుగా మొత్తుకుంటుండా. రా రాహేలక్కా, నీకు కళ్ళు లేకపోతే చేతులుండాయి గదా, తడిమి చూడు. గడ్డ దొరికితే రేపేంది, ఇప్పుడే వస్తా."

రాహేలమ్మక్క దగ్గరికి జరిగి, చేపను చూసినట్టే నిదానంగా రెండువైపులా తడిమింది. "లేదే" అంది. చేతులు వెనక్కి తీసుకుని, "మరి నా పిట్టంతా ఏమైనట్టు?" అంది.

"తిన్నా. ఒళ్ళు జేసినా. ఇంకేమవద్ది?" అంది సుగుణమ్మ హుక్కులు పెట్టుకుంటూ.

మార్తమ్మకు నవ్వొచ్చింది గానీ, మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. "అయితే ఎవురు మరి? నేను కాదు. అక్కా, నువ్వా?" రాహేలమ్మక్క తల అడ్డంగా ఊపింది. ముగ్గురూ నావైపు తిరిగారు.

సహోదరులారా, నా దగ్గర అప్పుడు కూడా ఒక దారి ఉంది. పాస్టరమ్మ గారు రాలేదు. పేరు చెప్పకూడదు గదా అని ఎప్పటిలా అని ఊరుకుంటే చాలు, వాళ్ళ అనుమానం పాస్టరమ్మ గారి మీదికి పోతుంది, నాకు ఇంకో నెల దొరుకుతుంది. ఆ మాట నాలుక చివర ఉంది. కళ్ళు మూసుకుని మనసులో ఇంతే అన్నాను: "తండ్రీ, నాకు చేతకావడం లేదు, నువ్వే పలికించు." కళ్ళు తెరిచేసరికి, "నేనే" అంటున్నాను.

ఎవరూ ఏడవలేదు. రాహేలమ్మక్కకు కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ మా కాడ దాస్తివా టీచరమ్మా?"

"దేవుడికి తెలుసు గదా అక్కా అని..."

"దేవుడికి తెలుసు. పిట్టు ఎవురికి పెట్టాల్నో మాకు తెలవద్దా?"

ఆ మాటతో నాలో పట్టుకుని ఉన్నదేదో తెగిపోయింది, జూలై నుంచి రాని ఏడుపంతా వచ్చింది. మార్తమ్మ పుస్తకం నా ఒడిలోంచి తీసుకుని, కలం అడిగి, 'ఒక సహోదరి' అన్నచోట కొట్టేసి, వంకర అక్షరాలతో 'కరుణక్క' అని రాసింది. పేరు పెట్టి నాకోసం ప్రార్థన చేయగా వినడం నా జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత రాహేలమ్మక్క, "ప్రకాశానికి తెలుసునా?" అంది. తెలియదన్నాను. "అయితే ముందు ఇంటికి పోదాం పా. చెప్పాల్సింది నువ్వు. మేం బయట కూర్చుంటాం."

ముగ్గురూ మా వసారాలో బల్ల మీద కూర్చున్నారు. నేను లోపలికి వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడి చెప్పాను. ఆయన టీవీ కట్టేశారు.

"ఎప్పటి నుంచి?"

"జూలై నుంచి."

"డైరీలో రాసినావా?"

"రాశాను."

"ఇన్నేళ్ళలో నీ డైరీ ఒక్కనాడూ తెరవలా నేను" అన్నారు. తెరవకపోవడమే తన తప్పన్నట్టుగా ఉంది ఆ మాట. ఆ తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. బయటినుంచి మార్తమ్మ, "అన్నా, రేపు ఆరున్నర బస్సు. నువ్వొస్తావా, మేమే తీసుకపోయేదా?" అని కేకేసింది. పెరటి తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది.

ఈ పత్రిక చదివే సహోదరీ, నీ మనవి కూడా పేరు లేకుండా ఎవరి పుస్తకంలోనో ఉంటే, దేవుడు నిన్ను ఎరుగును, నిజమే, కానీ ఆయన నీకోసం వండేది పక్కింటి అక్క చేతులతోనే. ఆ చేతులకు నీ తలుపు చూపించు. ఆయనను నమ్మి ఒక్కరితోనైనా నోరు విప్పు. వాకిలి దాటి వచ్చి నన్ను వెలుగులోకి లాగిన ఆ ముగ్గురు స్త్రీల కొరకు, వాళ్ళను పంపిన దేవునికి వందనాలు చెల్లిస్తున్నాను. మరుసటి ఉదయం సంగతి రాసి ముగిస్తాను.

శనివారం తెల్లవారి నేను లేచేసరికి మావారి మంచం ఖాళీగా ఉంది. ఎప్పటిలాగే హార్బర్‌కు పోయి ఉంటారనుకుని, ఏమీ అనుకోకూడదని మనసుకు చెప్పుకుని, ఆరు గంటలకు ముగ్గురితో కలిసి బయలుదేరాను. బస్టాపులో ఆయన ఉన్నారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు.

బస్సులో మా నలుగురికీ ఆధార్ కార్డులు చూసి కండక్టర్ ఊరికే టికెట్లు కొట్టిచ్చాడు. డబ్బులిచ్చి కొనుక్కున్నది ఆయన ఒక్కరే. "పాపం, నీకే పడిందే బొక్క" అంది రాహేలమ్మక్క. "ఏం చేసేదక్కా, ఆడపుట్టుక పుట్టకపోతిని" అన్నారాయన. ఆయన నోట సరదా మాట విని ఎన్నేళ్ళయిందో నేను లెక్క చెప్పలేను.

వెనక సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన కూర్చోలేదు, నా సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. కోవూరు దాటి బస్సు పెన్న బ్రిడ్జి ఎక్కుతుంటే కిందికి వంగి, "నొప్పిగా ఉండాదా?" అని అడిగారు.

"నొప్పి లేదు" అన్నాను. ఎప్పటిలా అంతటితో ఆపబోయి, ఆపకుండా, "భయంగా ఉంది" అన్నాను.

"నాకూ" అన్నారు. బ్రిడ్జి దాటేదాకా ఇద్దరం కళ్ళు తెరిచే ప్రార్థన చేసుకున్నాం.