పియానో కింద నుంచి చూసిన కచేరీ

అమీన్‌పూర్‌లో ఒకామె మోచేతులతో పియానో వాయిస్తుందని మా బామ్మర్ది చెప్పాడు. వేళ్లుండగా మోచేతులెందుకని నలుగురిలో అడిగి ఆటపట్టించాలనిపించింది. శనివారం నాలుగింటికి సంగారెడ్డిలో బస్సెక్కి, పటాన్‌చెరులో దిగి షేర్ ఆటో పట్టుకున్నాను. ముప్పై రూపాయలు. "పియానో కాడికా? జల్దీ పో అన్నా. ఇయ్యాల జనం నడిమిట్ల లేసిపోతే, వచ్చే వారం సంది డీజేనే పెడ్తడంట కేఫ్ ఓనర్" అన్నాడు డ్రైవర్.

చెరువు దగ్గరి ఆ కేఫ్‌లో చాయ్ నలభై. కప్పు కూడా ఇస్తారేమో అనుకున్నాను, ఇవ్వరు. ఐదున్నరకు ఆ పియానో ఆమె, రెహానా, వచ్చింది. పగలంతా బట్టలు కుట్టే మనిషి. చెప్పులు విప్పి, నిలబడే మొదలుపెట్టింది. కుడిచేతి వేళ్లు పాట పలికిస్తుంటే ఎడమ మోచెయ్యి పియానో మెట్ల మీద పడుతోంది. మధ్యమధ్యలో పియానో చెక్క మీద పిడికిలితో పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా డప్పుల దరువు! జనం ఊగుతున్నారు. అంతలో కాలికింది పెడల్ టప్పున విరిగింది. స్వరాలు సాగకుండా పొడిపొడిగా తెగిపోసాగాయి. కుర్చీలు కదిలాయి. ఓనర్ స్పీకర్ల వైపు నడిచాడు.

నా నోరు ఊరుకుంటుందా? "అక్కా, మిషన్ల సూది ఇరిగిందా?" అని అరిచాను.

ఆమె వాయించడం ఆపలేదు. "నోరు మంచిగనే నడుస్తుంది గద భాయ్, చేతులు ఖాళీనా? ఇటు రా. పియానో కింద పండుకో."

"నేనా?"

"ఇంకెవలు? నేను మడిమెతోని నిన్ను తంతే లోపలి కర్రను పైకి నూకు. మల్ల తంతే ఇడువు."

అందరూ నవ్వారు. పారిపోతే పరువు పోతుందని పియానో కిందికి దూరాను. కర్ర నెడితే స్వరం సాగుతోంది, వదిలితే ఆగుతోంది. ఒకసారి ఆలస్యమైతే "ఏంది, పండుకున్నవా?" అని ఇంకొకటి తన్నింది.

అక్కడి నుంచి మొహాలు కనబడవు, కాళ్లే. తలుపు వైపు తిరిగిన బూట్లు ఆగాయి. మెల్లగా ఇటు తిరిగాయి. కాసేపటికి తాళం వేయసాగాయి. నా చెయ్యి తిమ్మిరెక్కినా కర్ర దగ్గర్నుంచి తియ్యలేదు. ఆఖరి పాట అయ్యాక ఓనర్ చెప్పులు నా ముక్కు ముందు ఆగాయి. "వచ్చే శనివారం గూడ గిదే టైముకు రా అమ్మా."

"వస్త" అంది రెహానా.

పైన ఆమె ఎంత ధీమాగా కనబడిందో నాకు తెలియదు. కింద మాత్రం ఆమె కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, మడమ ఒక్కసారీ తాళం తప్పలేదు. భయం లేనివాళ్లే గెలుస్తారనుకునేవాణ్ని. భయపడుతూనే పాట పూర్తి చేసినవాళ్లను ఇంత దగ్గరగా చూడలేదు.

వెళ్లేవాళ్లు ఐదింటికల్లా చేరుకోండి, ముందు కుర్చీలు దొరుకుతాయి. ఎగతాళి చేసే ఉద్దేశం ఉంటే పాత ప్యాంటు వేసుకెళ్లండి.