వియ్యపురాలి ఇంట్లో షౌకత్ బీ

షౌకత్ బీ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. చిన్నప్పుడు మా అమ్మ డ్యూటీకి పోతే నాకు అన్నం పెట్టి జడ వేసింది ఆమే. అయినా కోపమే. ఢిల్లీలో ఎక్కడ దిగాలో నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు.

హైదరాబాద్ లాడ్ బజార్ వెనక సందులో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. లక్క గాజులు చేస్తుంది. ఆ పనిలో మామూలుగా మగవాళ్ళు లక్క కాచి గాజు వంచుతారు, ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని రాళ్ళు అద్దుతారు. భర్త పోయాక షౌకత్ బీ రెండు పనులూ తనే చేసుకుంది. బొగ్గుల మీద పెనం, పెనం మీద లక్క. అది చల్లబడేలోపు ఒక్కో రాయిని సూదిమొనతో ఎత్తి పెట్టాలి. కాలీ కాలీ ఆమె వేళ్ళ చివర గీతలు చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలో వేలు పెడితే మిషన్ ఆమెను గుర్తుపట్టదు.

ముప్పై ఏళ్ళుగా ఆమె చేసిన గాజులన్నీ భర్త అన్న కమాలుద్దీన్ దుకాణంలో కమాలుద్దీన్ గాజులుగానే అమ్ముడుపోయాయి. పెళ్ళికూతుళ్ళు ఏరికోరి అడిగే నెమలికంఠం రంగు జత ఆమె సొంతంగా ఆలోచించి చేసిన నమూనా. కమాలుద్దీన్ మాత్రం అది తన తాతల కాలం నాటిదని కళ్ళార్పకుండా చెప్తాడు. ఆమె గుమ్మం పక్కన నిలబడి వింటుంది.

సంతోష్‌నగర్‌లో నాకు ఆన్‌లైన్ ఫారాలు నింపే చిన్న దుకాణం ఉంది. ఢిల్లీలో చేతిపనుల మేళా జరుగుతుందని ఒకరోజు ప్రకటన చూసి, ఆమెకు చెప్పకుండానే ఆమె పేరు పెట్టాను. పిలుపు వచ్చింది. పది రోజుల మేళా. మూడో రోజు పొద్దున పరీక్షించేవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటారు, వాళ్ళ కళ్ళముందు ఒక జత మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాలి. నెగ్గితే ఇక ప్రతి ఏడూ మేళాలో ఆమె పేరుతో బోర్డు కట్టిన దుకాణం ఇస్తారు. ఆ వాక్యాన్ని షౌకత్ బీ నాతో మూడుసార్లు చదివించుకుంది. ఆమె అంతగా దేన్నీ కోరుకోగా నేను చూడలేదు.

వచ్చే ఆడవాళ్ళు దిగడానికి మైదానం లోపలే హాస్టల్. నిద్ర లేచి నాలుగడుగులు వేస్తే తన బల్ల ముందు ఉంటుంది. నేను హాస్టల్ అని నింపి పంపేశాను. రెండు రోజులకు కమాలుద్దీన్ ఆమె ఇంటికి వచ్చాడు. షౌకత్ బీ ఒక్కగానొక్క కూతురు ఉమ్మే హానీని నాలుగేళ్ళ కింద ఢిల్లీలోనే ఇచ్చారు. కూతురిని ఇచ్చిన ఊళ్ళో వియ్యపురాలి ఇల్లుండగా ఇంకోచోట దిగడమంటే, రెండిళ్ళకూ చెడిందని ఊరంతా చాటింపు వేసినట్టేనని ఆయన తేల్చాడు.

ఆ మాట నిజమే కావచ్చు. కానీ వాళ్ళ ఇల్లు ఊరికి ఆ కొస, మైదానం ఈ కొస. పైగా అదే వారంలో హానీ ఆడబిడ్డ పెళ్ళి. పెళ్ళింట్లో దిగినవాళ్ళు పనిలో పడకుండా ఎట్లా ఉంటారని నేను ఎంతసేపు వాదించానో. షౌకత్ బీ తల వంచుకుని విని, చివరికి ఒకే మాట అంది.

"నీ అమ్మీకి మా ఇంట్ల జాగ లేకపాయెనా అని హానీని అందరు అడుగుతరు బేటీ. రేపు ఆ ఇంట్ల దాన్ని ఎవరు ఇజ్జత్ చేస్తరు?"

హాస్టల్ వద్దని నాతోనే రాయించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రాశాను.

రేకు పెట్టెలో లక్క, పెనం, సూదులు సర్దుకుంది. నెమలికంఠం రంగు రాళ్ళు రెండు నెలలు కూర్చుని ఒక్కొక్కటీ ఏరింది. స్టేషన్‌లో పెట్టెను కూలీ చేతికి కూడా ఇవ్వలేదు.

అక్కడ జరిగింది ఆమె నాకు ఒక్కసారిగా చెప్పలేదు. మూడు నాలుగు విడతల్లో, పని చేసుకుంటూ, ఎవరి కథో చెప్తున్నట్టు చెప్పింది.

వియ్యపురాలు బాగానే పలకరించింది, చాయ్ ఇచ్చింది. సాయంత్రానికి పెట్టె తెరిపించారు. పెళ్ళికూతురికి ఒక్క జత చేసిపెట్టమని అడిగింది హానీయే. అమ్మీ చేస్తే అత్త దగ్గర తన మాట నిలబడుతుందంది. ఏ తల్లి కాదంటుంది? పెళ్ళికూతురిది అయ్యాక పినతల్లి కూతుళ్ళవి, వాళ్ళవి అయ్యాక మేనత్తలవి. మేళా మొదటి రెండు రోజులూ షౌకత్ బీ పొద్దున పోయి బల్ల మీద పేరు చూసుకుని, మధ్యాహ్నానికే వెనక్కి వచ్చి వాళ్ళ వాకిట్లో బొగ్గులు రాజేసింది. పరీక్షకని ఒక్క జతకు సరిపడా రాళ్ళు మాత్రం రుమాలులో ముడివేసి నడుం దగ్గర దోపుకుంది.

మూడో రోజు పొద్దునే ఆ ఇంట్లో గాజుల వేడుక పెట్టుకున్నారు. గంట సేపు కూర్చుంటే చాలు, ఆ తర్వాత ఆటో ఎక్కిస్తానని హానీ బతిమాలింది. షౌకత్ బీ పెనం ముందు కూర్చుంది. వచ్చిన ఆడవాళ్ళు వరసగా చేతులు చాపుతుంటే, గాజును వేడి చేసి, చెయ్యి కొలత చూసి, సాగదీసి తొడుగుతోంది. పట్టుబట్టల్లో ఉన్న ఒకామె ముచ్చటపడి, ఇంత పనితనం ఎక్కడ దొరికింది, ఎవరీమె అని అడిగింది.

"గాజులు చేసే ఆమె. హైదరాబాద్ నుంచి పిలిపించినం" అని వియ్యపురాలు చెప్పింది.

హానీ రెండడుగుల దూరంలో షర్బత్ పళ్ళెం పట్టుకుని ఉంది. షౌకత్ బీ తలెత్తి కూతురిని చూసింది. హానీ కూడా చూసింది. తర్వాత ఆ పట్టుబట్టల ఆమెకు గ్లాసు అందించి, ఎండ బాగా ఉందని ఏదో అంది. అందరికీ ఇచ్చాక తల్లి పక్కన నేల మీద కూడా ఒక గ్లాసు పెట్టింది. పనివాళ్ళకు పెట్టే స్టీలు గ్లాసు.

షౌకత్ బీ తర్వాతి చేతికి గాజు తొడిగింది. ఆ తర్వాత ఇంకొకరికి. పెళ్ళికొడుకు తల్లికి కూడా ఒక జత కావాలని ఎవరో అన్నారు, రాళ్ళు అయిపోయాయని ఈమె చెప్పింది. హానీకి రుమాలు సంగతి తెలుసు. ఆ ముడి విప్పింది హానీయే.

మైదానం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పరీక్షించేవాళ్ళు ఆ వరస ముగించుకుని వెళ్ళిపోయారు. ఆలస్యంగా వచ్చిన వాళ్ళను మళ్ళీ చూడరని అక్కడి మనిషి మర్యాదగానే చెప్పాడు. ఎక్కడి నుంచి రావాల్సి వచ్చిందని అడిగాడు. బిడ్డ ఇంటి నుంచని చెప్పిందట.

తిరిగొచ్చాక సందులో అందరూ అడిగారు. వియ్యపురాలు మస్తు ఇజ్జత్ చేసిందని, కాలు కింద పెట్టనీయలేదని అందరికీ చెప్పింది. కమాలుద్దీన్ గడ్డం నిమురుకుంటూ, తన మాట వింటే ఎంత మంచి జరిగిందో చూడమని పక్క దుకాణాల వాళ్ళతో అన్నాడు. పరీక్ష పోతే పోయింది, పరువు నిలిచిందట. నేను విసురుగా ఇంట్లోకి వచ్చేశాను. ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెను నిలదీశాను. హానీ తల్లినని అక్కడ ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగాను.

"నేను చెప్పుడేంది? బిడ్డ ఆడనే ఉండె గదా" అంది.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఉంటే నా ఫోన్‌కు హానీ చేసింది. కూతురి గొంతంటే ఈమె ప్రాణం పెడుతుంది. చేతులు రెండూ లక్కలో ఉన్నాయి కదా అని నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి పీట మీద ఉంచాను. మీ అమ్మీ ఇక్కడే ఉందని నేను చెప్పేలోపే హానీ మొదలుపెట్టింది.

"మహేశ్వరక్కా, నీతోని ఒక మాట. మళ్ళ ఎప్పుడన్న అమ్మీకి ఢిల్లీల పని పడితె హాస్టల్లనే ఉంచు, మా ఇంటికి తోలకు. ఆరోజు చూసినోళ్ళు మస్తు మంది ఉన్నరు. అందరు పనామెనే అనుకున్నరు. ఇప్పుడు మా అమ్మీ అని ఎట్ల చెప్పుదు?"

నేను షౌకత్ బీ మొహంలోకి చూశాను. లక్క చల్లబడుతోంది. ఆమె సూదిమొన మీదున్న రాయిని దాని చోట పెట్టి, వేలితో నొక్కి, ఫోన్‌కు వినబడనంత మెల్లగా అంది.

"సరేనను బేటీ. నేనీడ ఉన్నట్టు చెప్పకు."

నేను సరేనన్నాను.