వదిన చేపల తొట్టెలో తెల్లబడిన నీళ్ళు

మొన్న పొద్దున్నే హాల్లోకి వచ్చేసరికి, మా కోడలు కొత్తగా పెట్టుకున్న చేపల తొట్టెలో నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడి ఉన్నాయి, ఆ పిల్లేమో దాని ముందు కూర్చుని ఫోనులో అదేపనిగా వెతుక్కుంటోంది. కొత్త తొట్టెలో నీళ్ళు ఒకసారి అలా తెల్లబడడం మామూలేననీ, మాటిమాటికీ కడగకుండా వదిలేస్తే వాటంతట అవే తేరుకుంటాయనీ నాకు తెలుసు, చెప్పాను కూడా. సరే అత్తయ్యా అంది, మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయింది. ఇంత తెలిసిన నేనే ఆ తొట్టె వంక చూడలేక పక్కకి తిరిగాను. నా ఈడువాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి గానీ, తెల్లబడిన చేపల నీళ్ళు చూస్తే నాకు ఇప్పటికీ భయమే.

నా పుట్టిల్లు కూడా ఈ నర్సీపట్నమే. పెళ్ళికాక ముందు టైపు నేర్చుకుంటూ ఇంట్లో ఉన్న రోజుల్లో, మా వదినకి మొదటి కడుపు నిలవలేదు. విశాఖపట్నంలో నలుగురి మధ్య గలగలా పెరిగిన మనిషి, ఆ తర్వాత మాట్లాడడమే తగ్గించేసింది. మళ్ళీ నెల తప్పాక, కాస్త మనసు మళ్ళుతుందని వాళ్ళ నాన్నగారు ఒక గాజుతొట్టె, రెండు బంగారు రంగు చేపలూ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఇచ్చారు. దాన్ని నడవలో, మేమంతా కూర్చుని తినేచోటే పెట్టాం. ఒక మధ్యాహ్నం వదిన నా చెయ్యి పట్టుకుని, ఈ రెండూ బతికితే నా కడుపులోదీ బతుకుతుందని అనుకున్నాను, ఎవరికీ చెప్పకు అంది. దేవుడికి మొక్కుకున్నా బాగుండేది, ఆయనైతే మొక్కు ఆలస్యమైనా సర్దుకుంటాడు, చేపలతో పందెమేమిటి అని నాలో నేను విసుక్కున్నాను గానీ, ఆ రోజు నుంచీ నా ప్రాణమూ ఆ తొట్టెలోనే కొట్టుకునేది.

అలాంటి తొట్టెలో నీళ్ళు తెల్లబడడం మొదలైంది. ముందు పొగమంచులా, తర్వాత చేపలు ఎటున్నాయో వెతుక్కోవలసినంతగా. అమ్మ నీళ్ళన్నీ పారబోసి, అడుగున పరిచిన రాళ్ళను కదపకుండా తొట్టె గోడలను ఇత్తడి బిందెను తోమినట్టు తోమి కొత్త నీళ్ళు పోసింది, మర్నాటికి మళ్ళీ అంతే. నాయనమ్మ సంతకి వెళ్ళి కొండల మీంచి దిగివచ్చే ఏజెన్సీ వాళ్ళ దగ్గర చిల్లగింజలు కొనుక్కొచ్చింది. వానాకాలంలో ఏటి నీళ్ళు బురదగా వస్తే బిందె లోపల ఆ గింజ అరగదీసేవాళ్ళం, మట్టంతా అడుక్కి దిగిపోయేది. ఇది మట్టి కాదాయె, గింజలు అరిగాయి గానీ నీళ్ళు తేరలేదు. అన్నయ్య పాయకరావుపేట పనిమీద వెళ్ళినప్పుడు ఎవరినో అడిగి, మేత ఎక్కువైతే కుళ్ళి నీళ్ళు చెడతాయట అని చెప్పాడు. మేత వేసేది వదిన ఒక్కతే, అదీ చిటికెడు, అందుకని ఆ మాటను ఎవరమూ పట్టించుకోలేదు.

చివరికి అడుగునున్న గులకరాళ్ళు కూడా కడుగుదామని పెరట్లో గోనెసంచి మీద కుమ్మరించాం. రాళ్ళ సందుల్లోంచి ఉబ్బిపోయిన మరమరాలు, ఇడ్లీ తునకలు, అన్నం మెతుకులు, జీడిపప్పు బద్దలు కంపు కొడుతూ బయటపడ్డాయి. ఏది ఎవరి చేతిదో అడగనక్కర్లేకపోయింది. మరమరాలు నమిలేది నాయనమ్మ, జీడిపప్పు జేబులో వేసుకు తిరిగేది అన్నయ్య. ఒకరు చూస్తుండగా వాళ్ళకి పెట్టకుండా తినడం మా ఇంట్లో మహాపాపం.

"మనం తింతంటే అది నోరు తెరిసి సూత్తంది, ఎట్టకుండా ముద్దెలా దిగుతాదే?" అని ముందు నాయనమ్మే దబాయించింది.

అమ్మ గొంతు తగ్గించి, "అది కాదత్తా, ఈటి మీద పిల్ల ఆశెట్టుకుంది కదా. ఆకలికి సచ్చిపోతాయేటో అని నానూ ఏసినాను" అంది.

అప్పుడు తెలిసింది, ఎవరికీ చెప్పొద్దంటూ వదిన ఆ సంగతి ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా చెప్పుకుందని. ఎక్కడ చస్తాయోనన్న బెంగతో ఇంటిల్లిపాదీ ఒకరికి తెలియకుండా ఒకరం పెట్టి పెట్టి, వాటిని నిజంగానే చావుకి తెచ్చాం.

మేత మానేశాక నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి, కానీ తేరిన నీళ్ళలో ఒక చేప వెల్లకిలా తేలింది. వదిన చెయ్యి పొట్ట మీదికి పోయింది. నాయనమ్మ చెంగు దోపుకుని వచ్చి ఆ చేపను దోసిట్లోకి తీసుకుంది.

"నీ దిష్టంతా ఇది ఒట్టుకుపోనాది. ఇంక నీకేటీ బయం లేదు, బేగి రా, గంజి తాగు" అంది.

అలాంటి శాస్త్రం ఎక్కడా లేదని అందరికీ తెలుసు, చెప్పినావిడకి ఇంకా బాగా తెలుసు. వదిన నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో గానీ, వెళ్ళి గంజి తాగింది. నెలలు నిండాక పండంటి ఆడపిల్లను ఎత్తుకుంది. ఆ పిల్ల బోర్లా పడే రోజుల్లో రెండో చేప కూడా పోతే, దాన్ని చూసి భయపడడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది.

మా కోడలి తొట్టె కూడా నిన్నటికి అద్దంలా తేరుకుంది. ఇప్పటి పిల్లలు మాకంటే బుర్ర ఉన్నవాళ్ళు, వేళకి చిటికెడు మేత వేసి మూత పెట్టేస్తారు, మరొకరి చెయ్యి పడనివ్వరు. మా ఆనాటి మూర్ఖత్వం మళ్ళీ రావాలని నేనెందుకు కోరుకుంటాను? అయితే నీళ్ళు తేరాక కూడా ఆ పిల్ల దాని ముందు అలాగే కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ చేపల మీద ఏం ఆశ పెట్టుకుందో ఆ ఫోనుకి తెలుసేమో, నాకు తెలియదు. మా రోజుల్లో ఒకరి భయం సాయంత్రానికల్లా ఇంటిల్లిపాదికీ భయమయ్యేది. అడుగుదామని గుమ్మం దాకా వెళ్ళాను గానీ, అడిగితే ఏమనుకుంటుందోనని వెనక్కి వచ్చేశాను.