అమావాస్య బ్యాండ్‌లో పోయినవాళ్ళు

ఉదయం ఎనిమిదిన్నరకి నా గొడుగు అడిగి పట్టుకెళ్ళిన మనిషి సంతాప పోస్టరు పదకొండింటికల్లా నా బల్ల మీదికి వచ్చింది. యాభై కాపీలు అచ్చు వేయాలట, సాయంత్రానికి కావాలట.

కంప్యూటర్ తెర మీద మా బావ ఫొటో, దాని చుట్టూ నల్ల అంచు, కింద "మా మధ్య లేకపోయినా మా చెవుల్లో ఉంటారు" అన్న వాక్యం. మనిషి బతికే ఉన్నాడని నాకు తెలుసు. అరగంట కిందటే ఫోన్ చేసి, గొడుగు కమ్మీ ఒకటి విరిగిందనీ, అది తను విరవలేదనీ, అదే విరిగిందనీ చెప్పాడు. అయినా నా కంగారు తగ్గలేదు. ఆ పోస్టరుకి అసలు అర్థం ఏమిటో నాకు తెలుసు. బావకి ఇంకా తెలియదు.

నా కంగారు మీకు అర్థం కావాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

మా అక్క మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పగలంతా తెల్లకోటు. వచ్చినవాళ్ళ ముక్కు మీద స్కేలు పెట్టి కనుపాపల మధ్య దూరం కొలుస్తాడు, అర మిల్లీమీటరు తేడా వచ్చినా చేసిన అద్దం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడతాడు. సాయంత్రం ఆరు కాగానే తెల్లకోటు విప్పి నల్లకోటు తొడుగుతాడు. మొహానికి పౌడరు, కళ్ళకి కాటుక, ఎనిమిది వేళ్ళకి వెండి ఉంగరాలు. 'అమావాస్య' అనే గాథిక్ రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాడు. ఆ బ్యాండ్‌ని పుట్టించిందే ఆయన.

గాథిక్ రాక్ అంటే ఏమిటని నన్నడిగితే నాకు తెలిసింది ఇంతే. బేస్ గిటార్ ముందు నడుస్తుంది, డ్రమ్స్ గోడకి మేకు దిగ్గొట్టినట్టు ఒకే తీరున పడతాయి, పాడేవాళ్ళు నూతిలోంచి పిలిచినట్టు పాడతారు. పాటల నిండా సమాధులు, పొగమంచు, తిరిగిరాని మనుషులు. వినడానికి వచ్చినవాళ్ళు మాత్రం హాయిగా గెంతులేసి, చెమటలు తుడుచుకుంటూ ఇళ్ళకి వెళ్తారు. కచేరీలంటారా, పేరుకి తగ్గట్టే, అమావాస్యకో పున్నానికో ఒకటి.

మొదటిసారి బ్యాండ్ వాళ్ళు నలుగురూ నల్లబట్టలతో అక్కావాళ్ళ ముందుగదిలో కూర్చున్నప్పుడు బావ వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరు పోయారురా?" అంది. ఎవరూ పోలేదని నమ్మించడానికి పావుగంట పట్టింది. అత్తయ్యగారికి 'పోవడం' అన్న మాటే పడదు. చెత్తబుట్ట పారబోయడానికి వీధి చివరిదాకా వెళ్ళేవాళ్ళయినా ఆవిడ ముందు 'వెళ్ళొస్తాను' అనాల్సిందే. నోరు జారి 'పోతున్నా' అన్నారో, వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, సరిగ్గా అనిపించి పంపేది. ఈ పట్టింపు చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వులోంచే వచ్చింది అంతా.

బ్యాండ్‌లో మొదటి గాయని బావకి బడినాటి స్నేహితురాలు. ఆమె గొంతు ఎత్తితే నా చేతుల మీద రోమాలు లేచేవి. పొగడ్తకి అంటున్న మాట కాదు, నిజంగానే భయం వేసేది. రెండో ఏడు ఆమెకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. డ్యూటీలకీ రిహార్సళ్ళకీ పొంతన కుదరలేదు. ఒకరోజు పాట మధ్యలో మైకు కింద పెట్టి, "ఇంక నా వల్ల కాదు, పోతున్నా" అని వెళ్ళిపోయింది.

బావకి కడుపు మండింది. అన్నం ముందు కూర్చుని కూడా అదే గొడవ. "వెళ్ళొస్తానని ఉంటే తలుపు తీసి ఉంచేవాణ్ణి. పోతున్నానంది. సరే, పోయింది" అన్నాడు.

మర్నాడు నేను పనిచేసే ప్రింటింగ్ షాపుకి కాగితం పట్టుకుని వచ్చాడు. నేను చేరి అప్పటికి మూడు నెలలు. కాగితం మీద "అమావాస్య గాయని ఇక లేరు" అని రాసుంది. దాని కిందే ఆ చెవుల వాక్యం. చదివి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. టైపు చేసింది నేనే. నల్ల అంచు పెడితే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చిందీ నేనే. యాభై అడిగాడు, కాగితం మిగిలింది కదా అని ఇంకో పది వేశాను.

బ్యాండ్ వాళ్ళు పోస్టర్లు బజారంతా అతికించారు. ఆ నెల కచేరీకి హాలు నిండిపోయింది. చచ్చిపోయిన గాయని ఎవరో తెలుసుకుందామని వచ్చినవాళ్ళే సగం మంది.

గాయని వాళ్ళ నాన్నకి అప్పటికి వారం కిందటే గుండె ఆపరేషన్ అయింది. ఇంట్లో పడుకుని ఉన్నాడు. కూతురు డ్యూటీలో ఉంది. పక్కింటాయన పూలు పట్టుకుని వచ్చి, ఇంత చిన్న వయసులో ఇలా ఎలా జరిగిందండీ అని అడిగాడట. పెద్దాయన అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు. అదృష్టం బాగుండి బతికాడు.

ఆ తర్వాత ఆమె బావతో మాట్లాడలేదు. బావా వెళ్ళి మాట్లాడలేదు. "జోకుని జోకులా చూడాలి గానీ" అని సణిగాడు. నేను కూడా అవునవును అన్నాను.

సిగ్గుపడి అక్కడితో ఆపాల్సింది. ఆపకపోగా అదొక ఆనవాయితీ అయింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆరుగురు డ్రమ్మర్లు, నలుగురు బేస్ గిటార్ వాళ్ళు, ముగ్గురు గాయనులు 'పోయారు'. ఎవరు బ్యాండ్ వదిలినా యాభై పోస్టర్లు, నల్ల అంచు, చెవుల వాక్యం. పేరూ ఫొటో మార్చడమే నా పని. మూడో డ్రమ్మర్ పళ్ళ డాక్టర్. ఆయన పోస్టరు పడ్డాక మూడు వారాలు ఆసుపత్రికి ఈగ కూడా రాలేదు. పోయిన డాక్టర్ దగ్గర పన్ను ఎవరు పీకించుకుంటారు? ఆయన మా షాపుకొచ్చి "నేను బతికే ఉన్నాను" అని కరపత్రాలు అచ్చు వేయించుకున్నాడు. అవీ నేనే వేశాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఎంతమంది పోయినా తను మాత్రం శాశ్వతం అనుకున్నాడు మా బావ. బ్యాండ్ లేకపోతే ఆయన దగ్గర ఇంకేం లేదు. సెలవు రోజు తెల్లకోటూ లేక, రిహార్సలూ లేక, ఇంట్లో గది నుంచి గదికి తిరుగుతూ మా అక్క ప్రాణం తీసేవాడు. నలభై ఏడు వచ్చాయి. చత్వారం వచ్చింది. ఊరందరికీ కళ్ళజోళ్ళు చేసే మనిషి, తనది కోటు జేబులో దాచుకుంటాడు. నల్లకోటుకి కళ్ళజోడు అతకదట. పోయిన కచేరీలో పాటల వరస రాసిన కాగితం కనపడక, అందరూ ఒక పాట మొదలుపెడితే ఈయన ఇంకోటి మొదలుపెట్టాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. కుర్రకారు నవ్వారు. బ్యాండ్ వాళ్ళు నవ్వలేదు.

ఆ రోజు తెర మీద బావ ఫొటో చూశాక, పోస్టరు పంపిన ఏడో డ్రమ్మర్‌కి ఫోన్ చేశాను.

"ఇదేంటి?" అన్నాను.

"అదేంటక్కా, ఆయన పెట్టిన పద్ధతేగా. మేమందరం మొన్న కూర్చుని అనుకున్నాం."

"ఆయనకి చెప్పారా?"

"బేస్ అతను చెప్పి ఉంటాడు కదక్కా" అన్నాడు. బేస్ అతనికి చేస్తే, ఇప్పుడున్న గాయని చెప్పి ఉంటుందన్నాడు. గాయనికి చేస్తే, డ్రమ్మర్ చెప్తానన్నాడే అంది. ముగ్గురూ ముగ్గురే. ఇరవై ఒక్క ఏళ్ళ బ్యాండ్‌లోంచి మనిషిని గెంటేశారు, ఆ మాట ఆయన చెవిన వేయడానికి ఒక్కడికీ నోరు రాలేదు. మళ్ళీ డ్రమ్మర్‌కే చేసి, అచ్చు వేయనని చెప్పాను. ఇంకెక్కడైనా వేయించి అతికిస్తే, ఆయన ఎనభై ఏళ్ళ తల్లిని వెంటబెట్టుకొచ్చి మీ గుమ్మంలో కూర్చోబెడతానన్నాను. "వద్దులే అక్కా, వదిలేయ్" అన్నాడు.

ఒకే ఒక్క కాపీ తీశాను. సంచిలో పెట్టుకుని కళ్ళజోళ్ళ దుకాణానికి నడిచాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అక్కడికి వెళ్ళేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

వెనకగదిలో మిషన్ దగ్గర వంగి ఉన్నాడు. అద్దం అంచు మీద నీళ్ళు పడుతున్నాయి, అరిగిన పొడి తెల్లటి ముద్దై కారుతోంది. నన్ను చూసి మిషన్ ఆపాడు.

"గొడుగు కోసమా? సాయంత్రానికి బాగుచేసి ఇస్తానన్నాగా."

నేను కాగితం చేతిలో పెట్టాను. నల్ల అంచు చూడగానే నవ్వాడు.

"ఈసారి ఎవరే మరదలా? నాకు చెప్పకుండానే?" కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. కళ్ళు చిట్లించాడు. "ఎవడు వీడు? మొహం బాగా వడిలిపోయింది. ఇలాంటివాణ్ణి ఇన్నాళ్ళు ఎలా ఉంచాం?"

"కళ్ళజోడు పెట్టుకో బావా" అన్నాను.

జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. చదివాడు. రెండు వాక్యాలే ఉన్న ఆ కాగితాన్ని అలా చదువుతూనే ఉన్నాడు. ముందుగదిలో ఎవరో ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ నవ్వుతున్నారు.

"ఎన్ని వేశావు?"

"ఇదొక్కటే."

"అమ్మ చూసిందా?"

"లేదు. ఎవరూ చూడలేదు."

స్టూలు మీద కూర్చున్నాడు. బ్యాండ్‌ని తిడతాడనుకున్నాను, గిటార్ గురించి ఏదో అంటాడనుకున్నాను. "ఆవేళ పక్కింటాయన పూలు పట్టుకెళ్ళాడు కదూ" అన్నాడు. ఏవేళ అని నేను అడగలేదు. ఇన్నేళ్ళలో ఆ పూల మాట బావ నోటి వెంట రావడం అదే మొదలు.

తెల్లకోటు కూడా విప్పకుండా మొదటి గాయని పనిచేసే ఆసుపత్రికి బయల్దేరాడు. ఒక్కణ్ణే పంపడానికి నాకు మనసొప్పలేదు, వెంట వెళ్ళాను. ఆమె ఇప్పుడు హెడ్ నర్సు. మందుల ట్రే పట్టుకుని వరండాలో వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. జుట్టు సగం నెరిసింది. గొంతు మాత్రం అదే.

"ఏం కావాలి?"

బావ కాగితం ఇచ్చాడు. ఆమె ట్రే కిటికీ గట్టు మీద పెట్టి, కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. ఆమెకీ చత్వారమే. బావ తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. తీసుకుని పెట్టుకుని చదివింది.

"తప్పు చేశాను" అన్నాడు బావ. "నాన్నగారికి..."

"నాన్న పోయి ఆరేళ్ళయింది" అంది ఆమె. "నిజంగానే. ఆవేళ నేను ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ లెక్కపెట్టాడు. అయిదూ ఉన్నాయో లేదో అని. అప్పణ్ణుంచి చివరిదాకా, నేను డ్యూటీ నుంచి వస్తే చాలు, ముందు వేళ్ళు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాతే అన్నం."

బావ ఏడుస్తున్నాడు. నేను ఆయన ఏడవడం ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్ళజోడు తీసి బావకిచ్చి, నా వైపు తిరిగింది.

"మీరు ప్రింటింగ్ షాపులో ఉంటారు కదూ."

"అవునండీ."

"ఇది ఊళ్ళో ఎక్కడా కనపడలేదు. ఒక్కటే వేసి ఆపారా?"

"అవునండీ."

"నాది ఆపలేదేం?"

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఆ సామెత నేను ఎంతమందికి అప్పజెప్పి ఉంటానో లెక్కలేదు. ఆమె ముందు మాత్రం ట్రేలోని మందులు చూస్తూ నిలబడ్డాను. బావే కళ్ళు తుడుచుకుని, "దానికేం తెలుసు, అప్పుడు చిన్నపిల్ల. నేను చెప్పింది చేసింది" అన్నాడు. ఆమె ట్రే తీసుకుంది. "వెళ్ళొస్తాను" అన్నాడు బావ. "వెళ్ళు" అంది. 'వెళ్ళిరా' అంటుందేమోనని బావ ఇంకో నిమిషం నిలబడ్డాడు. ఆమె వార్డులోకి వెళ్ళిపోయింది.

ఇది జరిగి నాలుగు నెలలు. బావ ఇప్పుడు సాయంత్రం ఆరుకి ఇంటికొస్తున్నాడు. పళ్ళ డాక్టర్‌తో మొదలుపెట్టి పోయినవాళ్ళందరి ఇళ్ళకీ ఒక్కొక్కటిగా వెళ్ళివస్తున్నాడు. కొందరు కూర్చోమంటున్నారు, ఒకాయన మొహం మీదే తలుపు వేశాడు. ఇంటికొచ్చి అన్నీ నాకు చెప్తాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనడు. చిన్నపిల్లనట, చెప్పింది చేశానట.

మొదటి గాయని పోస్టరు వేసినప్పుడు, కాగితం మిగిలిందని పది ఎక్కువ వేశానన్నాను కదా. బావ అడిగింది యాభై, ఇచ్చింది యాభై. మిగిలిన పదీ, జోకు బాగుందని, షాపు మూసేశాక మా బస్టాప్‌కి వెళ్ళే దారి పొడుగునా నేనే అతికించాను. గాయని వాళ్ళ నాన్న ఇల్లు ఆ వీధిలోనే. పక్కింటాయన చూసింది ఆ పదిలో ఒకటే అయివుంటుంది, ఎందుకంటే బ్యాండ్ వాళ్ళు ఆ వైపు అసలు వెళ్ళలేదు. ఈ సంగతి బావకి తెలియదు, ఆమెకీ తెలియదు.