పేరంటాలి ముందు పాచికలు

దెందులూరు బళ్లో సోషల్ చెప్పే హన్నమ్మ టీచరుకు ఒక పిచ్చి ఉండేది. 2003లో వాళ్ల తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక ఆట పుస్తకం జిరాక్సు తెచ్చిచ్చాడు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రయి, పాచికలు వేస్తూ ఆ కథలో బతకాలి. పుస్తకం నిండా మంచుకొండలు, డ్రాగన్లు. "మంచు మనమెప్పుడు చూశామండీ?" అని ఆవిడ అవన్నీ కొట్టేసి, వేంగి రాజుల శాసనాలు, పేదరాశి పెద్దమ్మ కథలు, కొల్లేటి కోట గాథ కలిపి కొత్త లోకం కట్టారు.

ఆదివారం చర్చి అయ్యాక ఏలూరులో వాళ్ల వరండాలో ఆడేవాళ్లం. అదే బళ్లో లెక్కలు చెప్పే నేను వేంగి దొంగని. చేపల చెరువులున్న గంగరాజేమో కొల్లేటి కోట సేనాపతి. అబద్ధమెందుకు, వారమంతా ఆ పూట కోసమే బతికేవాణ్ణి.

మూడో వేసవికి కథ ముట్టడి దాకా వచ్చింది. శత్రువు ఉప్పుటేరు తవ్వి కొల్లేటి నీళ్లు లాగేస్తున్నాడు. నీళ్లు పోతే కోట పోతుంది. అసలు గాథలో నీళ్లు నిలవాలని సేనాపతి కన్నకూతుర్ని గంగకు బలిచ్చాడని, ఆ పిల్లే పేరంటాలై వెలిసిందని కొల్లేటి లంకల్లో చెప్పుకుంటారు.

టీచరు పాచికలు ముందుకు జరిపారు. "వెయ్యండి గంగరాజు గారూ. పది దాటితే గంగ బలి అందుకుంటుంది, నీళ్లు నిలుస్తాయి."

గంగరాజు మొహం ఎర్రబడింది. "ఆవిడ మా ఇంటి పేరంటాలండీ. ఆవిడకి చీర పెట్టందే మేం పెళ్లిపందిరి వెయ్యం. ఆవిడ మీద పాచికలా?" కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

అతను మెట్లు దిగితే ఆట అయిపోయినట్టే. టీచరు కూడా లేచారు.

"తప్పయిపోయిందండీ. పుస్తకాల్లో చదివానే గానీ మీ ఇంటి మనిషనుకోలేదు. ఆవిడ పేరేంటండీ?"

గంగరాజు మెట్ల దగ్గర ఆగాడు. "పేరంటాలమ్మేనండీ. అసలు పేరు... మాకెవరూ చెప్పలేదండీ."

మా పాత్రలకి తలా ఒక కాగితం ఉంది: పేరు, వయసు, బలం. ఆ పిల్లకి లేదు. టీచరు తెల్లకాగితం బల్ల మీద పెట్టారు. "తండ్రి మీరే కదండీ. రాయండి."

అతను వచ్చి కూర్చున్నాడు. ముత్యాలు అని రాశాడు. వయసు పన్నెండు అని రాశాడు. పాచికలు పక్కకు నెట్టేశాడు.

"పేరు పెట్టి పిలిచాక నీళ్లలోకి ఎలా తోస్తానండీ? కోట పోతే పోనివ్వండి."

సాయంత్రానికి కోట పోయింది. ఆటలో దొంగనైన నేను గెడ వేస్తుంటే సేనాపతి తన కూతుర్ని దోనెలో పక్కన కూర్చోబెట్టుకుని లంక దాటాడు. టీచరు కళ్లు తుడుచుకుంటూనే కథ చెప్పారు.